సోమవారం వేసిన ముద్ర

నేను ఒక రబ్బరు స్టాంపును. పిడి మామిడి చెక్క, ముఖం రబ్బరు, ఒంటినిండా ఊదారంగు సిరా. నా ముఖం మీద ఒకే ఒక్క ఇంగ్లీషు వాక్యం ఉంటుంది, అదీ తిరగేసి. అందులో అసలైన మాట ‘రెక్‌లెస్’. మిగిలిన మాటలన్నీ దాని పల్లకీ మోసే బోయీలు. మొత్తం వాక్యాన్ని తెలుగులో చెప్పుకుంటే ‘బండిని రెక్‌లెస్‌గా నడిపాడు’ అని వస్తుంది. ఎవరు నడిపారో, అది ఏ బండో నా మీద ఉండదు. వాటిని ఎప్పటికప్పుడు పక్కన చేత్తో రాసుకోవాలి.

ఆ మాటకు అర్థమేమిటో నాకు చాలాకాలం తెలియదు. నవ్వకండి. తమ పేరుకు అర్థం తెలియని మనుషులు నాకు బోలెడుమంది తగిలారు. వాళ్లు మోసేది పేరు మాత్రమే. నేను మోసేది నేరం. మోస్తున్నది ఏమిటో తెలుసుకోవాలన్న కోరిక నాకు మొదటినుంచీ ఉంది. అది ఎలా తీరిందో, తీరాక నా మనసు ఎందుకు పాడయిందో చెప్పాలనే ఇదంతా మొదలుపెట్టాను.

నన్ను పుట్టించినవాడు జలాలుద్దీన్. గోదావరి కాలవ పక్కనున్న మా ఊళ్లో, కోర్టు వెనక సందులో, టీ బడ్డీని ఆనుకుని అతని కొట్టు ఉండేది. ఊరి పేరు అడగకండి, ఎంతయినా పోలీసు స్టేషన్‌లో పనిచేసినదాన్ని. జలాలుద్దీన్ సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చాడు. వాటి అచ్చు తీశాడు. దానిమీద పచ్చి రబ్బరు పెట్టి వేడి ప్రెస్సులో బిగించి, ఒక టీ తాగి వచ్చి, నన్ను బయటికి లాగాడు. అతనికి ఇంగ్లీషు చదవడం రాదు. అక్షరాల రూపాలు మాత్రం గుర్తుపడతాడు. తిరగేసి ఉన్నవే తనకు తిన్నగా కనిపిస్తాయని, గోడల మీది ప్రకటనలు చూస్తే కళ్లు తిరుగుతాయని అనేవాడు.

“ఏం మాటండీ ఇది?” అని అడిగాడు, నన్ను చెక్కకు అంటిస్తూ.

“నేరం” అన్నాడు నన్ను చేయించుకోవడానికి వచ్చినాయన.

“ఎవరు చేసేరండీ?”

“ఎవడు దొరికితే ఆడే.”

ఆ వచ్చినాయన హెడ్ కానిస్టేబుల్ గుబ్బల నూకరాజు, స్టేషన్ రైటరు. స్టేషన్‌లో రైటరంటే కథలు రాసేవాడు కాదు, ఫిర్యాదులు రాసేవాడు. రెండింటికీ అంత పెద్ద తేడా లేదని నాకు తర్వాత అర్థమైంది.

నూకరాజు చెడ్డవాడనుకుంటే పొరపాటు పడ్డట్టే. లంచం ఊసెత్తితే చెవులు ఎర్రబడే మనిషి. అతని దస్తూరీ ఎంత బాగుండేదంటే, సబ్ ఇన్‌స్పెక్టర్లు తమ ఇంటి శుభలేఖల మీద పేర్లు అతనితో రాయించుకునేవారు. ఆ దస్తూరీయే అతని కొంప ముంచింది. స్టేషన్‌లో రాతపని అంతా అతని నెత్తిన పడింది. నలభై అయిదేళ్లు వచ్చేసరికి కుడిచేతి వేళ్లు వాచి, పొద్దున్న పూట కలం పట్టుకుంటే ముడుచుకునేవి కావు.

మా స్టేషన్ పరిధిలో కాలవ గట్టు మీద పదకొండు మైళ్ల రోడ్డు ఉంది. ఒక పక్క కాలవ, ఇంకో పక్క చేలు. ఆ వెడల్పులో ఒక బస్సూ ఒక సైకిలూ పక్కపక్కన మర్యాదగా పోవచ్చు. రెండు బస్సులు ఎదురైతే ఎవరో ఒకరు మర్యాద వదులుకోవాల్సిందే. వారానికి రెండు ప్రమాదాలు ఖాయం. ప్రతి ప్రమాదానికీ ఒక రిపోర్టు, ప్రతి రిపోర్టులోనూ అదే వాక్యం. పైఅధికారులు చూసే కాగితం కాబట్టి ఆ ఒక్క వాక్యం ఇంగ్లీషులో ఉండాలి. రాసి రాసి విసిగిపోయి, నూకరాజు ఆ రోజు జలాలుద్దీన్ కొట్టు మెట్లెక్కాడు.

‘రెక్‌లెస్’ అనే మాటను స్టేషన్‌కు తెచ్చింది వెనకటి ఇన్‌స్పెక్టర్ ఒకాయన. ఆయనకు పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలంటే మోజు. “రెక్ అంటే ఓడ బద్దలవడమయ్యా నూకరాజూ. ఓడలాంటి బండిని బద్దలుకొట్టేవాడే రెక్‌లెస్” అని చెప్పాడట. చివరనున్న ‘లెస్’ అంటే ‘లేని’ అని కదా, అప్పుడది బద్దలుకొట్టనివాడు అవ్వాలి కదా అని నూకరాజుకు అనుమానం వచ్చిందట. ఇన్‌స్పెక్టర్‌ను ఎదురడగడం ఆరోగ్యానికి మంచిది కాదని ఊరుకున్నాడు. సర్కిల్ ఆఫీసు గుమాస్తా మాత్రం ఆ మాటకు అతివేగం అని అర్థం చెప్పాడు. ఒక హోంగార్డు తాగి నడపడం అన్నాడు. దెబ్బలు తగిలినవాళ్ల చుట్టాలు, ‘కళ్లు నెత్తికెక్కడం అన్నమాట’ అని తేల్చేశారు. నేను నాలుగూ విని, ఏది నమ్మాలో తెలియక, పడమన్నచోటల్లా పడుతూ ఉండేదాన్ని.

నూకరాజు పని తీరు మీకు చెప్పాలి. సోమవారం భోజనాలయ్యాక స్టేషన్ కాస్త సద్దుమణిగేది. అప్పుడతను ఖాళీ రిపోర్టు ఫారాల కట్ట ముందుపెట్టుకుని, సిరా పట్టీ మూత తీసి, నన్ను ఒక్కో ఫారం మధ్యలో ఠపీమని కొట్టుకుంటూ పోయేవాడు. ఒక్క విడతకు అరడజను. సిరా ఆరాక వాటిని సొరుగులో పెట్టుకునేవాడు. వారమంతా ఎక్కడ ఏ బండి బోల్తాపడ్డా, ఒక ఫారం లాగి పేర్లు, ఊరు, బండి నంబరు రాసేస్తే పని అయిపోయేది. ప్రమాదం జరగకముందే నేరం సొరుగులో సిద్ధంగా ఉండేదన్నమాట. ఇందులో తప్పేముందని అతనికి తోచలేదు. నిజం చెప్పాలంటే నాకూ తోచలేదు.

దానివల్ల చిత్రాలు చాలా జరిగాయి. ఒకసారి టైరు పేలిన లారీ రెండు రోజులుగా జాకీ మీద నిలబడి ఉంటే, పక్క ఊరి పెళ్లిలో పీకలదాకా తాగిన పెద్దమనిషి ఒకాయన వెళ్లి దాని వెనక చెక్కకు తల గుద్దుకున్నాడు. డ్రైవరు అప్పటికి టైరు కోసం రాజమండ్రి వెళ్లి ఉన్నాడు. అయినా నా లెక్కలో అతను ఆ లారీని రెక్‌లెస్‌గా నడిపాడు. ఇంకోసారి గడ్డిబండి ఒకటి పక్కకు ఒరిగి దూడ కాలు విరిగింది. ఆ బండిని లాగుతున్న ఎద్దులకు పదేళ్ల వయసు, నడుస్తూ నడుస్తూ నిద్రపోయేవి. వాటిని తోలినవాడూ రెక్‌లెస్సే. పైఅధికారులు ఆ కాగితాలు చూసి సంతకాలు పెట్టారు. ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే ఎవరూ చదవలేదు.

ఇలా సాగుతూ ఉండగా, ఒక ఎండాకాలం, దాళ్వా అనే రెండో పంట కోతలప్పుడు, గురువారం పొద్దున్న పదింటికి, దానియేలును తీసుకొచ్చి నా ఎదుట బల్ల మీద కూర్చోబెట్టారు.

పులుగు దానియేలు బస్సు డ్రైవరు. ఇరవై రెండేళ్లుగా అదే గట్టు మీద నడుపుతున్నాడు. ఖాకీ చొక్కా మీద ఎవరిదో రక్తం. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. చేనేత చీరల మూట సైకిలు మీద పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మే చింతా వీరభద్రం, తూము దగ్గర మలుపులో బస్సు కింద పడ్డాడు. ఆసుపత్రికి తీసుకెళుతుండగానే పోయాడు.

రోడ్డు మీంచి చూసినవాళ్లు ఒక్కరే. ఆమె పేరు మేడిది చెల్లాయమ్మ, రెండెకరాలు కౌలుకు చేసుకునే మనిషి. భర్త లేడు. ఆమెను వెంటబెట్టుకుని ఆ ఊరి పెద్ద రైతు నల్లా బసవయ్య వచ్చాడు. రైటరు గారు టీకి వెళ్లారని వాళ్లను నా బల్ల దగ్గరే నిలబెట్టారు. స్టాంపుకు చెవులుంటాయని ఎవరనుకుంటారు? బసవయ్య గొంతు తగ్గించి మొదలుపెట్టాడు.

“ధాన్యం ఊసెత్తకు. బస్సొచ్చింది, గుద్దింది, అంతే. నువ్వు నోరు జారేవంటే రేపట్నించి రోడ్డు మీద గింజ ఆరబొయ్యనివ్వరు. మబ్బు పట్టి ఉంది చూసేవా? ఊరందరి పంటా మొలకలొచ్చేస్తాది. అందరూ నీమీద పడతారు.”

“చెయ్యూపింది నేనేగదా బాబూ” అంది చెల్లాయమ్మ. “ఆయన దారిన ఆయన ఒచ్చేడు. ధాన్యం తొక్కెయ్యకు, అటు పక్కనించి పో అని నేనే కదా ఊపింది.”

“ఊపితే? బుర్ర ఆడిది కాదా?”

ఆ ప్రాంతం తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. దాళ్వా కోతలప్పుడు అకాలపు వాన భయం ఎప్పుడూ ఉంటుంది. తడిసిన ధాన్యం ఆరబెట్టుకోవడానికి చదునుగా, వేడిగా ఉండే చోటు తారురోడ్డు ఒక్కటే. అందుకని ఊళ్లకు ఊళ్లు రోడ్డుకు ఒక పక్కగా ధాన్యం పరిచి, అంచున వరసగా రాళ్లు పెట్టి, కాళ్లతో చాళ్లు తీస్తూ తిరుగుతాయి. బండ్లవాళ్లు రెండో పక్కనుంచి పోతారు. అన్నం మీదుగా పోవడం పాపమని డ్రైవర్లకూ ఒక పట్టింపు. ఆ రోజు దానియేలు కూడా ఆ పట్టింపుతోనే, బస్సును దాదాపు నడక వేగానికి దించి, చెల్లాయమ్మ చెయ్యి ఊపిన వైపుకు తిప్పాడు. అది తప్పువైపు. మలుపు అవతల వీరభద్రం వస్తున్నాడు.

నూకరాజు టీ తాగి వచ్చి, సొరుగులోంచి ఫారం తీశాడు. సోమవారం నేను పడ్డ ఫారం. పేరు అడిగాడు, ఊరు అడిగాడు.

“అయ్యా, ఆ బస్సును నేను...” అని చెల్లాయమ్మ మొదలుపెట్టింది.

“ఆగమ్మా, రాసుకోనీ. ఒక్కోటీ అడుగుతాను కదా” అన్నాడు నూకరాజు. బసవయ్య ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. నూకరాజు అడగాల్సినవన్నీ అడిగాడు. వయసు, కులం, బస్సు నంబరు, టైము. ఏం జరిగిందని మాత్రం అడగలేదు. ఏం జరిగిందో ఫారం మధ్యలో ఊదారంగులో అప్పటికే ఉంది. ఆమె దగ్గర వేలిముద్ర తీసుకుని పంపించేశాడు.

దానియేలుకు జామీను దొరికింది గానీ డిపోలో పక్కన పెట్టారు. కేసు తేలేదాకా పదిహేను రోజులకొకసారి స్టేషన్‌కు వచ్చి సంతకం పెట్టాలి. వచ్చినప్పుడల్లా రిజిస్టరు మీద సంతకం పెట్టి, కాసేపు నా వంక చూస్తూ నిలబడేవాడు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు.

“ఆ మాటకి అర్థం ఏంటండి, రైటరు గారూ?”

నూకరాజు కలం ఆపి ఆలోచించాడు. ఓడ సంగతి చెబితే బాగుండదనుకున్నాడేమో, “నడపడం చేతకాదని” అన్నాడు.

“నాకు నడపడం వొచ్చండి” అన్నాడు దానియేలు. గట్టిగా కూడా అనలేదు. “ఇరవై రెండేళ్లండి. కోడిపిల్లని కూడా తొక్కలేదండి. ఆ మాట నా పేరు పక్కన ఖాయమైపోతే మళ్లీ స్టీరింగు ముట్టుకోనివ్వరండి. జైలుకెళ్లినా వొచ్చేస్తానండి. బస్సు లేకపోతే ఏం చేస్తానండి?”

నూకరాజు రిజిస్టరు మూసేశాడు. ఆ తర్వాత చాలాసేపు అతను తన వేళ్లు తానే నొక్కుకుంటూ కూర్చున్నాడు. నాకు మొదటిసారి భయం వేసింది. నేను పడేది కాగితం మీద అనుకుంటూ వచ్చాను. అది మనిషి మీద కూడా పడుతుందని ఆ పూట తెలిసింది.

కేసు విచారణకు వచ్చేసరికి ఏడాది తిరిగి, మళ్లీ దాళ్వా కోతలు వచ్చాయి. మేజిస్ట్రేటుగా హైమావతి గారని కొత్తగా వేశారు. ముప్పై ఏళ్లుంటాయేమో. ఆమెకున్న దురలవాటు ఏమిటంటే, ముందుపెట్టిన కాగితాలు చదువుతుంది. ఆ పొద్దున్న వరసగా మూడు ప్రమాదాల కేసులు చూసింది. మూడు కాగితాల మీదా అదే ఊదారంగు వాక్యం, చివరి అక్షరం దగ్గర అదే చిన్న సొట్ట. (ఆ సొట్ట నాకు జలాలుద్దీన్ పెట్టిన పుట్టుమచ్చ.) ఆమె కళ్లజోడు తీసి, “ఆ స్టాంపును తెప్పించండి” అంది.

నన్ను చేతిరుమాల్లో చుట్టి, స్టేషన్ నుంచి కోర్టుకు నడిపించుకుంటూ తెచ్చారు. ముద్దాయిలు నడిచే దారే. గుమాస్తా బల్ల మీద, సిరా పట్టీ పక్కన పెట్టారు. మామూలుగా ముందు సాక్షిని పిలిచి, తర్వాత పోలీసులను పిలుస్తారు. ఆ రోజు చెల్లాయమ్మ ఇంకా రాలేదు. అందుకని నూకరాజును ముందు బోను ఎక్కించారు.

దానియేలు తరఫున ప్లీడరు వేదాంతం సోమయాజులు లేచాడు. ఆయన వకాలతు కన్నా వ్యాకరణం ఎక్కువ తెలిసిన మనిషి. అందుకే కేసులు తక్కువ.

“హెడ్ కానిస్టేబుల్ గారూ, ఈ ఫారంలో ముందు ఏది పడిందండీ? పేర్లా, ఈ ముద్రా?”

అబద్ధం చెప్పడం నూకరాజుకు చేతకాదని ముందే చెప్పాను. “ముద్రేనండి” అన్నాడు.

“ఎప్పుడు?”

“సోమవారం వేసి పెట్టుకుంటానండి. వారానికి సరిపడా.”

“ప్రమాదం ఏ రోజు జరిగింది?”

“గురువారమండి.”

అన్నాక గాని, తాను ఏమన్నాడో నూకరాజుకు వినబడలేదు. కోర్టులో వెనక బల్లల మీద ఎవరో కిసుక్కున నవ్వారు. అది అంటుకుని హాలంతా నవ్వింది. హైమావతి గారు నవ్వలేదు. దానియేలు కూడా నవ్వలేదు. నూకరాజు బోను కడ్డీని పట్టుకుని, వాచిన తన వేళ్లకేసి చూసుకున్నాడు. అతన్ని చూస్తే నాకు జాలేసింది.

“సరే, ఇంతకీ ఈ మాట ఏమంటోంది?” అని మేజిస్ట్రేటు అడిగింది. “మీరు చెప్పండి సోమయాజులు గారూ. క్లుప్తంగా.”

క్లుప్తంగా అన్న ముక్క సోమయాజులు చెవిన పడలేదు. ఆయన ఇలాంటి ప్రశ్న కోసం ఇరవై ఏళ్లుగా కాచుకుని ఉన్నాడు.

“చిత్తం. దీన్ని ఓడలు బద్దలవడంతో ముడిపెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు, ఇంగ్లీషువాళ్లలో కూడా. అది తప్పు. ఈ మాట వెయ్యేళ్ల పైబడినది. ఇందులో మొదటి సగం ఒకప్పుడు విడిగా తిరిగిన మాటేనండి. లక్ష్యపెట్టడం, ఫలానావాడికి ఏమవుతుందో అని మనసులో పెట్టుకోవడం దాని అర్థం. దానికి ‘లేని’ అని తోక తగిలిస్తే ఇదీ మాట. వేగానికీ దీనికీ సంబంధం లేదు, సారాయికీ లేదు. దీని తోబుట్టువు జర్మన్ భాషలో ఉంది. అక్కడది ఇంకా చెడిపోయి దుర్మార్గం అనే అర్థంలో స్థిరపడింది. విచారించాల్సింది ఏమిటంటే, ఇంగ్లీషులో ఆ మొదటి సగాన్ని ఇప్పుడు విడిగా ఎవరూ వాడరు. లక్ష్యపెట్టడం అనే మాట పోయింది. లక్ష్యపెట్టకపోవడం అనే మాట మాత్రం మిగిలింది.”

“బాగుంది. ఇక కూర్చోండి” అంది మేజిస్ట్రేటు. కానీ ఆ మాటలు కాగితం మీద రాసుకోవడం నేను చూశాను.

నా సంగతి చెప్పనా? ఇన్నేళ్ల తర్వాత నా ముఖం మీద ఏముందో తెలిసింది. సంతోషించాలి. కానీ జాకీ మీది లారీ, నిద్రపోయే ఎద్దులు, తొడల కింద చేతులు పెట్టుకున్న మనిషి, అందరూ ఒక్కసారే గుర్తుకొచ్చారు.

అప్పుడు చెల్లాయమ్మ వచ్చింది. బస్సు అందక నాలుగు మైళ్లు నడిచిందట, పాదాలు దుమ్ముకొట్టుకుపోయి ఉన్నాయి. బసవయ్య అప్పటికే వచ్చి వెనక బల్ల మీద ఉన్నాడు. అతనికి రెండు వరసల ముందు వీరభద్రం భార్య కూర్చుని ఉంది. చెల్లాయమ్మ ఇద్దరినీ చూసి బోనులోకి ఎక్కింది.

ఆమె రిపోర్టును గుమాస్తా చదివి వినిపించాడు. ఇంగ్లీషు ముక్క దగ్గరకు రాగానే చెల్లాయమ్మ చెయ్యి ఎత్తింది.

“అది నేను చెప్పలేదండి. ఏవన్నారు అది?”

మేజిస్ట్రేటు ముందున్న కాగితం వంక చూసి, తెలుగులో నెమ్మదిగా చెప్పింది. “ఎదుటివాళ్లకు ఏమవుతుందో అని మనసులో పెట్టుకోకుండా, ఎవరేమైపోతే నాకేం అని నడిపాడని.”

చెల్లాయమ్మ తల దించుకుంది. సోమయాజులు లేచి, ఈసారి నిజంగానే క్లుప్తంగా అడిగాడు. “ఈ ఏడు నీ ధాన్యం ఎక్కడ ఆరబోసేవమ్మా?”

“ఆరబొయ్యలేదండి. పచ్చి ధాన్యమే తూకం వేయించేసేను.”

“చాలా నష్టం కదా?”

“నష్టమేనండి. రోడ్డు మీద పొయ్యడానికి చేతులు రాలేదండి.” ఆమె కొంగుతో మొహం తుడుచుకుని మేజిస్ట్రేటు వైపు తిరిగింది. “అమ్మగారూ, మీరు చెప్పిన ఆ మాట ఆయనది కాదండి. ఆయన నా గింజలు నలక్కుండా చూసేడు. నడిచినట్టుగా ఒచ్చేడు. నేనే చెయ్యూపి, అటు పక్కకి పొమ్మన్నాను. అటు నించి ఎవరన్నా ఒస్తారేమో అని నేను చూళ్లేదు. నా ధాన్యం తప్ప నాకింకేమీ కనబళ్లేదండి. మనసులో పెట్టుకోనిది నేనండి. ఆ ముద్ర నామీద వెయ్యండి.”

బసవయ్య బల్ల చప్పుడయ్యేలా లేచి బయటికి పోయాడు. దానియేలు ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు. వీరభద్రం భార్య లేచి నిలబడింది. కోర్టులో అలా లేవకూడదని బంట్రోతు చెప్పబోతే, మేజిస్ట్రేటు చేత్తో ఆపింది.

“మరి మావారు ఎవరి మూలాన పోయినట్టమ్మా?” అంది ఆమె. కోపంగా లేదు. నిజంగా తెలియక అడిగినట్టు ఉంది.

“నా మూలానే తల్లీ” అంది చెల్లాయమ్మ. “ఏడాదై నీకు చెప్పాలనే తిరుగుతున్నాను. మీ వీధి మొగదాకా రెండుసార్లు ఒచ్చి ఎల్లిపోయేను.”

వీరభద్రం భార్య మళ్లీ కూర్చుంది. కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ ఏడుపు ఆగేదాకా మేజిస్ట్రేటు ఎవరినీ ఏమీ అడగలేదు.

తర్వాత రెండు పనులు జరిగాయి. నా ముద్ర నమూనా ఒకటి రికార్డులో ఉండాలని మేజిస్ట్రేటు చెప్పింది. గుమాస్తా నన్ను సిరా పట్టీకి అద్ది, చెల్లాయమ్మ వాంగ్మూలం చివర ఒక పక్కన కొట్టాడు. నేను ఎప్పటిలాగే చప్పుడు చేస్తూ పడ్డాను. వెంటనే అదే పట్టీని ఆమె ముందుకు జరిపాడు, వేలిముద్ర వెయ్యమని. ఆమె బొటనవేలు సిరాలో అద్దింది. కాగితం మీదకు తెచ్చి, పైన నిలిపింది.

“ఇది వేసేక ఇంక మార్చడం కుదరదు కదండీ?” అని అడిగింది.

“కుదరదమ్మా” అన్నాడు గుమాస్తా. “ఆలోచించుకో.”

ఆమె దానియేలు వైపు చూసింది. వీరభద్రం భార్య వైపు చూసింది. బసవయ్య వదిలిపోయిన ఖాళీ బల్లకేసి కూడా ఒకసారి చూసింది. వేలు ఇంకా గాలిలోనే ఉంది. అప్పుడు నెమ్మదిగా నొక్కింది.

నన్ను మళ్లీ స్టేషన్‌కు పంపలేదు. చీటీ కట్టి, నంబరు వేసి, కోర్టు సామాన్ల గదిలో పడేశారు. రక్తం ఎండిన కత్తులు, తుప్పు పట్టిన సైకిలు చక్రాలు, సగం కాలిన తలుపు ఒకటి, ఇవీ నా ఇరుగుపొరుగు. కబుర్లు గుమాస్తాల నోటిమీదుగా వస్తాయి. దానియేలును వదిలేశారు, మళ్లీ బస్సు ఎక్కాడు. గట్టు రోడ్డు మీద ధాన్యం ఆరబోయడం మానిపించారు. అందుకు ఊరు ఊరంతా చెల్లాయమ్మతో మాటలు మానేసింది, తర్వాతి ఏడు ఆమెకు కౌలు కూడా ఎవరూ ఇవ్వలేదట. ఆమె ఇంటి ముందు స్టేజీ లేకపోయినా దానియేలు బస్సు ఆపి, ఎక్కడికైనా వస్తావా అమ్మా అని అడుగుతాడట. నూకరాజు రిపోర్టులు చేత్తో రాస్తున్నాడు. నొప్పికి మధ్యమధ్యలో ఆగాల్సి వస్తుంది కాబట్టి, ఆ ఆగిన కాసేపూ ఎదుటివాళ్లు చెప్పేది వింటున్నాడట.

ఇక్కడ తీరిక చాలా ఉంది. ఆ మాట ఎవరికి చెందుతుందా అని మొదట్లో లెక్కలు వేసేదాన్ని. దానియేలుకు చెందదు. చెల్లాయమ్మ తనదే అంది గానీ, ఏడాదిపాటు ఒక వీధి మొగదాకా వెళ్లి తిరిగివచ్చిన మనిషికి ఆ మాట ఎలా అతుకుతుంది? ఆ వాంగ్మూలం కాగితం మీద మేమిద్దరం ఇప్పటికీ పక్కపక్కనే ఉండి ఉంటాం, ఒకే సిరాతో. వేలు వెయ్యబోయే ముందు ఆమె ఆగింది, ఇద్దరు మనుషులనూ ఒక ఖాళీ బల్లనూ చూసింది. నేను ఎవరి పేరూ తెలియకుండా వందల కాగితాల మీద పడ్డాను. ఒక్కదాని మీదా ఆగలేదు.